పేట కబుర్లు - 11: గుప్పెడు బియ్యం, ఏడు సంతకాలు



పోయిన భాగంలో మా ఊరి హాస్టలు సంగతి రాశాక ఫోన్లు చాలా వచ్చాయి. రెండు మాత్రం బుర్రలో ఉండిపోయాయి. యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్న తమ్ముడొకడు, "అక్కా, అన్నీ బాగానే రాస్తావు, మళ్లీ ఆదివారం వస్తే తెల్లచీర కట్టుకుని గుడికి పోతావు. మన కోపాన్ని పరలోకానికి వాయిదా వెయ్యడం తప్ప ఆ గుడి మనకేం చేసింది?" అన్నాడు. రెండో ఫోను బైబిలు కాలేజీలో చదువుకుంటున్న చెల్లెలిది. "అక్కా, సంఘాన్ని రాజకీయాల్లోకి లాగొద్దు. దేవుని పని వేరు, లోకం పని వేరు" అంది.

వీళ్లిద్దరూ ఎదురుపడితే మొహాలు తిప్పుకుంటారు గానీ ఇద్దరి లెక్కా ఒకటే. దేవుని సేవ అంటే పాటలు, ప్రార్థన, కానుకల సంచి. పోరాటం అంటే జెండా, మైకు, కేసులు. రెండింటి మధ్యా ఒక గోడ. నేను పెరిగిన రోజుల్లో మా పేటలో ఆ గోడ లేదు. ఎలా లేదో, తర్వాత అదెలా లేచిందో రాస్తాను. కాస్త పొడుగే, టీ పెట్టుకుని కూర్చోండి.

ముందే ఒక మాట. ఊరి పేరు రాయడం లేదు. చీరాలకీ ఒంగోలుకీ మధ్య అనుకోండి, చాలు. మనుషుల గుర్తులు కూడా మార్చాను. ఎందుకు మార్చాల్సి వచ్చిందో చివరికొచ్చేసరికి మీకే తెలుస్తుంది.

మా పేటలో కట్టడాన్ని గుడి అంటారు, మనుషుల్ని సంఘం అంటారు. "సంఘం కూడిందా?", "సంఘం ఏమంది?", "సంఘానికి చెప్పే చేశావా?" ఇవీ చిన్నప్పట్నుంచీ నా చెవుల్లో పడ్డ మాటలు. పెళ్లి కుదిరినా, మొగుడు పెళ్లాన్ని కొట్టినా, ఎవరైనా చచ్చిపోయినా ముందు సంఘమే. తర్వాత కాలేజీకొచ్చి కూలీ సంఘం, విద్యార్థి సంఘం అని బోర్డులు చూసినప్పుడు నాకేం కొత్తగా అనిపించలేదు. తెలుగు బైబిల్లో ఆ మాటని పెట్టినవాళ్లు ఏ ఉద్దేశంతో పెట్టారోగానీ, మావాళ్లు దాన్ని అక్షరాలా తీసుకున్నారు.

ఈ ప్రాంతంలో ఈ సంఘం ఎట్లా పుట్టిందో చాలామందికి తెలిసిన కథే, అయినా ఒక కోణం సరిగ్గా చెప్పుకోరు. యెర్రగుంట్ల పేరయ్య మాదిగ. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగేవాడు. అంతకుముందే ఒక యోగి బోధ పట్టుకుని వెతుకులాటలో ఉన్న మనిషి. తోళ్ల కోసం ఏలూరు వైపు వెళ్లినప్పుడు అక్కడొక మిషనరీ నోట క్రీస్తు సంగతి విన్నాడు. తర్వాత బాప్తిస్మం తీసుకున్నాడు. 1866లో జాన్ క్లౌ దొర ఒంగోలు వచ్చాడు. 1867 జనవరి 1న ఒంగోలు బాప్టిస్టు సంఘం మొదలైంది, ఎనిమిది మందితో. పై కులాలవాళ్లు కొందరు దొర దగ్గరికొచ్చి, మేం వస్తాం గానీ ఈ మాదిగల్ని చేర్చుకోవద్దు అని షరతు పెట్టారు. దొర, దొరసాని వేరువేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే వాక్యం తగిలిందట, లోకం నీచంగా చూసేవాళ్లనే దేవుడు ఏర్పరచుకున్నాడనే చోటు. అది దేవుడి పనో, ఇద్దరి మనసుల్లో ముందే ఉన్న మాటో, నాకు పేచీ లేదు. షరతు మాత్రం ఒప్పుకోలేదు.

నేను చెప్పాలనుకున్న కోణం ఇది. కొత్తగా చేరినవాళ్లకి అప్పట్లో మూడు నియమాలు. విగ్రహాలకి మొక్కకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. ఆదివారం పని చెయ్యకూడదు. మూడోదాన్ని మీరు భక్తి కింద రాసేస్తారు. ఒక్కసారి ఆ కాలపు పల్లెలో నిలబడి చూడండి. వెట్టికి వేళాపాళా లేదు. కరణం కబురు పెట్టినప్పుడు పోవాలి, కాపు కేకేసినప్పుడు పోవాలి, జాతరకి డప్పు కొట్టాలి. అట్లాంటి మనుషులు వారంలో ఒక రోజు "ఈ రోజు రాము" అన్నారు. ఒక్కడంటే వీపు పగులుతుంది. పేటంతా అంటే పంచాయితీ అవుతుంది. బావుల దగ్గర ఆపారు, పనులు ఆపారు, దొంగతనాలు మోపారు. అయినా ఆదివారం నిలబడింది. యూనియన్లు పుట్టకముందు మన తాతలు వారానికొకసారి సమ్మె చేశారు తమ్ముడూ. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు ఆరాధన.

(డప్పు సంగతి మాత్రం నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. జాతర డప్పు మానెయ్యమన్నారు సరే, డప్పే పాపమన్నట్టు చేశారు. దాన్ని మళ్లీ చేతికివ్వడానికి ఉద్యమం రావాల్సి వచ్చింది. దాని గురించి వేరే రాస్తాను.)

తర్వాత 1876-78 కరువు. బకింగ్‌హాం కాలువ తవ్వకం కరువు పనిగా నడుస్తోంది. క్లౌ మూడున్నర మైళ్ల కాలువ కాంట్రాక్టు తీసుకున్నాడు. పని మీద పెద్దలుగా తన బోధకుల్ని పెట్టాడు, అంటే మన తాతల్నే. మట్టి తవ్వేదీ మనవాళ్లే, కొలిచేదీ మనవాళ్లే, కూలి లెక్క చెప్పేదీ మనవాళ్లే. మన చరిత్రలో ఇదెంత పెద్ద సంగతో ఆలోచించండి. కరువు నడుస్తున్నంతకాలం ఆయన కొత్తగా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు, గంజి కోసం వచ్చారనే మాట పడకూడదని. 1878లో తలుపు తీశాక, జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. దొర నీళ్లలోకి దిగలేదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని ఇచ్చారు. ఇద్దరు అలిసిపోతే ఇంకో ఇద్దరు. ఈ కథలో నాకు అన్నిటికంటే నచ్చేది ఆ వంతులే.

ఇది పుస్తకాల్లో దొరికే చరిత్ర. ఇప్పుడు నేను కళ్లారా చూసింది.

మా స్త్రీల సమాజానికి గుప్పెడు బియ్యం లెక్క ఉండేది. రాత్రి వంటకి ఎసట్లో పొయ్యబోయే బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి పక్కన డబ్బాలో వెయ్యాలి. అంతే. మిజోరంలో కూడా సంఘాల స్త్రీలు 1910 నుంచి ఇదే పని చేస్తున్నారని పెద్దయ్యాక చదివి ఆశ్చర్యపోయాను, వాళ్లు దాన్ని బుహ్‌ఫాయ్ థామ్ అంటారు. మా అమ్మ గుప్పెడు ఎట్లా తీసేదో నాకిప్పటికీ కళ్లకి కట్టినట్టుంటుంది. నూకలు చేతికొస్తే వెనక్కి పోసి మళ్లీ ముంచేది. ఇంట్లో బియ్యం నిండుకుని అప్పు బియ్యం తెచ్చుకున్న రోజున కూడా గుప్పెడు ఆగేది కాదు. నాకు ఒళ్లు మండేది. "మనకే లేవు కదమ్మా" అంటే, "మనకి లేనిరోజు తీసిందే లెక్క. ఉన్నరోజు ఎవురైనా తీస్తారు" అనేది.

వారానికి ఇంటికి తవ్వెడు దాకా అయ్యేవి. మా పేటలో అరవై గడప. ఆదివారం ఆరాధన అయ్యాక అన్నీ కలిపి కొలిచేవాళ్లు, ఇరవై కిలోల పైచిలుకు. సగం గుడిలోనే వేలం పాట. పాడుకునేదీ మావాళ్లే, రేటు కంటే రూపాయి ఎక్కువకే పాడేవాళ్లు. ఆ డబ్బులోంచి అయ్యగారికి జీతం, లాంతర్లకి కిరసనాయిలు, సండేస్కూలు పిల్లలకి పలకలు. మిగతా సగం గుడి మూల రెండు పెద్ద రేకు డబ్బాల్లో ఉండేది. కాన్పైన పిల్లకి, మొగుడు పోయిన ఆడమనిషికి, మంచం పట్టినవాడికి అందులోంచి కొలిచి ఇచ్చేవాళ్లు. ఇచ్చేటప్పుడు పేరు చదవరు. పుస్తకంలో "సహాయం, మూడు మానికలు" అని రాస్తారు, అంతే. ఎవరికిచ్చారో పేటంతటికీ తెలుసు, అయినా పేరు రాయరు. ఇప్పుడు కేకు ముక్క ఇస్తూ ఫోటో తీసుకునేవాళ్లని చూసినప్పుడల్లా నాకు ఆ పుస్తకం గుర్తొస్తుంది.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు నాట్ల కూలి పెంచమని ఆడవాళ్లు అడిగారు. ఆసాములు పెంచం అన్నారు. మావాళ్లు పొలానికి పోవడం మానేశారు. వాళ్లు పక్క మండలం నుంచి ట్రాక్టర్ల మీద కూలీల్ని తెప్పించారు. మా పేటవాళ్లకి ఊళ్లో కొట్లో అరువు ఆగిపోయింది. నాలుగో రోజుకి పొయ్యిలు చల్లబడ్డాయి. ఆ రాత్రి సంఘం కూడింది. ఎవరో రేకు డబ్బాల మాట ఎత్తారు.

అయ్యగారు ఇబ్బందిలో పడ్డాడు. మంచి మనిషి, భయస్తుడు. "అవి దేవుని బియ్యమమ్మా. మందిరం పనికి ఇచ్చినవి. కూలి తగాదాకి తియ్యొచ్చునో కూడదో..." అని నసిగాడు. సమాజం పెద్దగా ఉన్న ముసలామె లేచింది. చదువు రాదు. ఎన్నో ఏళ్లుగా ప్రసంగాలు విని విని బైబిలు సగం నోటికొచ్చిన మనిషి. "అయ్యగారూ, దావీదు రాజు ఆకలేసి గుడికి పోతే యాజకుడు ఏం పెట్టాడు? దేవుని ముందు పెట్టిన రొట్టెలేగా? ఆయనొక్కడే తిన్నాడా, ఎంట ఉన్నోళ్లకి కూడా పెట్టాడా? మీరేగా చెప్పింది" అంది. గుడంతా నవ్వు. అయ్యగారు కూడా నవ్వాడు. కాసేపటికి తనే లేచి డబ్బా మూత తీసి, మానిక చేతికి తీసుకుని, మొదటి కొలత తనే కొలిచాడు.

పదకొండు రోజులు ఆ బియ్యం మీద బతికాం. గుడి ముందు ఒకటే పొయ్యి, ఒకటే గంజి. ఆడవాళ్లు వంతులేసుకుని వండారు. మగవాళ్లు కట్టెలు తెచ్చారు. పన్నెండో రోజున ఆసాములు రెండు రూపాయలు పెంచారు. అడిగింది నాలుగు. అయినా ఆ ఆదివారం గుడిలో పాడిన పాటల హోరు నేను తర్వాత ఏ సభలోనూ వినలేదు. చెల్లెమ్మా, దేవుని పని వేరు లోకం పని వేరన్నావు. ఆ బియ్యం ఏ పని చేశాయో నువ్వే చెప్పు.

ఇంకో సంగతి కూడా ఉంది, దాన్ని మనం అసలు లెక్కలోకే తీసుకోం. పుస్తకం. సమాజానికి ఒక లెడ్జరు, ఒక మినిట్సు పుస్తకం. కూటం కూడగానే పోయినసారి రాసింది చదవాలి. ఫలానా మాట ఎవరు ప్రతిపాదించారు, ఎవరు బలపరిచారు, ఎంతమంది చేతులెత్తారు అని రాయాలి. వేలిముద్రలవాళ్లు కూడా "నేను బలపరుస్తన్నా" అనేవాళ్లు. పొలంలో ఆసామి ముందు నోరెత్తలేని మనిషి, అక్కడ చెయ్యెత్తి "ఈ లెక్క నాకు అర్థం కాలా, మళ్లీ చదవండి" అనేది. 80ల్లో దళిత ఉద్యమం లేచినప్పుడు పేట పేటకీ కమిటీలు రోజుల్లో ఎట్లా వచ్చాయని పరిశోధకులు బుర్రలు బద్దలు కొట్టుకుంటారు. సభ నడపడం, చందా పుస్తకం రాయడం, వంతులేసుకోవడం మావాళ్లకి అప్పటికే చేతకాకపోతే కదా.

కారంచేడు గుర్తు తెచ్చుకోండి. 1985 జూలై 16. మంచినీళ్ల చెరువు దగ్గర గొడవ. నీళ్లు పాడుచెయ్యొద్దన్నందుకు కొట్టబోతే బిందె ఎత్తి అడ్డుకున్న ఆడమనిషి పేరు సువార్త. ఆ పేరు ఎక్కడిదో మీకు చెప్పక్కర్లేదు. మర్నాడు పేట మీద పడి ఆరుగురు మాదిగల్ని చంపారు. పారిపోయి చీరాల చేరినవాళ్లకి నీడిచ్చింది చర్చి ఆవరణ. అక్కడే శిబిరం, అక్కడే వంట, అక్కడే సభలు. అక్కడినుంచే దళిత మహాసభ దాకా దారి పడింది. ఉద్యమానికీ గుడికీ సంబంధం లేదనే తమ్ముళ్లు ఒకసారి చీరాల పోయి పెద్దవాళ్లతో మాట్లాడండి.

అదే ఏడాది సెప్టెంబరులో సుప్రీంకోర్టు సూసై కేసులో తీర్పిచ్చింది. సూసై మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే మనిషి. ఆదిద్రావిడుడు, క్రైస్తవుడు. చెప్పులు కుట్టేవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే బంకు తనకివ్వలేదని కోర్టుకెక్కాడు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులం కాడు (సిక్కుల్ని 1956లో, బౌద్ధుల్ని 1990లో చేర్చుకున్నారు, క్రైస్తవుల్నీ ముస్లింలనీ ఇప్పటికీ చేర్చలేదు). మతం మారాక కూడా అవే కష్టాలు అంతే తీవ్రంగా ఉన్నాయని రుజువు చూపలేదని సూసై పిటిషను కొట్టేశారు. కారంచేడులో గొడ్డలి పట్టినవాడు ఎవరినీ బాప్తిస్మం అయిందా అని అడగలేదు. ఢిల్లీలో అడిగారు.

ఈ ఉత్తర్వు గురించి రిజర్వేషన్ల కోణంలో చాలా రాశాం, రాస్తూనే ఉంటాం. క్రైస్తవంలోకి వెళ్లిన దళితులకి మన రాష్ట్రంలో దక్కేది బీసీ-సి, 1 శాతం. రంగనాథ్ మిశ్రా కమిషన్ మతం అడ్డు తీసెయ్యమని 2007లోనే చెప్పింది. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. అది సరే. ఈ ఉత్తర్వు సంఘం లోపల ఏం చేసిందో ఎవరూ రాయరు. నేను ఈ భాగం రాయడానికి కారణం అదే.

మా గుడి స్థలం ఎనిమిది సెంట్లు. బియ్యం వేలం డబ్బుతో, తలకి పది రోజుల కూలి వేసుకుని కొన్నది. మావాళ్లలోనే ఒకాయన అమ్మాడు, కాయితం తెల్లకాగితం మీద, "సంఘపెద్దలకు" అని. గోడలు మావాళ్లే లేపారు. మా తాపీమేస్త్రీలు నలుగురు కూలి తీసుకోలేదు. శ్లాబు వేసిన రోజు ఆడవాళ్లు బారుగా నిలబడి తెల్లారుజాము నుంచి బొచ్చెలందించారు. గోడలు లేపిన చేతుల్ని లెక్కబెట్టాలంటే ఒక రోజు పడుతుంది. కాయితం మీద పేరు పెట్టడానికి మాత్రం ఒక్క చెయ్యీ లేవలేదు.

ఎందుకంటే సొసైటీ రిజిస్టరు చెయ్యాలంటే కనీసం ఏడుగురు సంతకం పెట్టాలి. క్రైస్తవ సంఘం సభ్యులమని, పేరు, తండ్రి పేరు, చిరునామాతో సహా. మా పేటలో కాస్త చదువుకున్న ప్రతి ఇంట్లోనూ ఒక కాగితం ఉంది, దాని మీద హిందూ అని ఉంది. ఒకడు టీచరు, ఒకడు కండక్టరు, ఒక పిల్ల నర్సు, ఒక పిల్ల ఇంటర్వ్యూకి ఎదురుచూస్తోంది. ఎవడైనా గిట్టనివాడు ఆ సంతకం జిరాక్సు తీసి కలెక్టరాఫీసులో ఫిర్యాదు పడేస్తే, 1993 చట్టం కింద విచారణ. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో. 2025లో ఒక పాస్టరు వేసిన కేసులో మన హైకోర్టు ఏమందో తెలుసుగా? మతం మారినవాడికి అట్రాసిటీ చట్టం కూడా వర్తించదంది. అప్పట్నుంచి భయం ఇంకా ముదిరింది. ఊరి పేరు, మనుషుల గుర్తులు ఎందుకు మార్చానో ఇప్పుడర్థమైందా?

ఇప్పుడున్న పాస్టరు పన్నెండేళ్ల కింద వచ్చాడు. పాత అయ్యగారు కాలం చేశాడు. ఈయన గొంతు బాగుంటుంది, జనం పెరిగారు. "మీకెందుకు భయం, నేను ట్రస్టు పెడతాను, మీరెవరూ సంతకం పెట్టక్కర్లేదు" అన్నాడు. అందరికీ ప్రాణం లేచొచ్చింది. ట్రస్టులో ఆయన, ఆయన భార్య, ఆయన బావమరిది. స్థలం ట్రస్టు పేరు మీదికి పోయింది. మోసగాడని నేననను, ఆ రోజున ఆయన చేసింది సాయమే. కానీ రోడ్డు వెడల్పు చేశాక మా సెంట్లకి రేటొచ్చింది. ఇప్పుడు ముందు రెండు సెంట్లలో షాపులు కట్టి అద్దెకివ్వాలంటాడు, అద్దె ట్రస్టుకి. సంఘం కూడి అడిగితే, "దేవుని సేవకుణ్ణి లెక్క అడుగుతారా?" అన్నాడు.

సేవకుడు! ఈ మాట మీద ఒక్క నిమిషం ఆగండి. సేవ అనే మాట మన తాతలకి కొత్త కాదు. వెట్టి అంటేనే సేవ. ఆ సేవ మనుషులకి చెయ్యం, దేవునికి చేస్తాం అని వాళ్లు తిరగబడ్డారు. దేవునికంటే అందరూ సేవకులే, అందరిదీ వంతే. ఇప్పుడు సేవకుడంటే ఒక్కడు. మెత్తటి కుర్చీలో కూర్చునేవాడు. మిగతావాళ్లు విశ్వాసులు. సేవకుడికి సేవ చేసేవాళ్లు. గుప్పెడు బియ్యం ఎప్పుడో ఆగిపోయింది, దాని బదులు కవరు వచ్చింది. కవరు మీద ఎవరి పేరు వాళ్లు రాయాలి. ఎంత పెట్టారో ఆయనకి మాత్రమే తెలుస్తుంది.

డోర్నకల్లు బిషప్ అజరయ్యని మా పెద్దవాళ్లు బాప్టిస్టులైనా గౌరవంగా తలుచుకునేవాళ్లు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు, 1912లో అయ్యాడు. పేద పల్లె సంఘాలు తమ బోధకుణ్ణి తామే పోషించుకోవాలని పట్టుబట్టి, కానుకల మీద ఒక పుస్తకమే రాశాడు. పేదల దగ్గర తీసుకోవడమేంటని మనకి చిరాకేస్తుంది. నాకూ వేసేది. ఇప్పుడు తెలుస్తోంది, ఇచ్చినవాడికే అడిగే హక్కు ఉంటుంది. దొర డబ్బుతో నడిచే గుడిలో మనం అడగలేం. కవర్ల గుడిలో కూడా అడగలేం. గుప్పెడు బియ్యం గుడిలో మాత్రమే, "లెక్క మళ్లీ చదవండి" అనే నోరు లేచింది.

మన లోపలి సంగతి కూడా చెప్పుకోవాలి. ఈ ప్రాంతంలో బాప్టిస్టులంటే ఎక్కువగా మాదిగలు, గుంటూరు వైపు లూథరన్లంటే ఎక్కువగా మాలలు. మా ఊళ్లో రోడ్డుకి అటొక గుడి, ఇటొక గుడి. ఇద్దరూ ఒకే శరీరంలో అవయవాలం అని ఒకే పత్రిక చదువుతారు, ఒకరి బల్లలో ఒకరు చెయ్యి పెట్టరు. అంబేద్కర్ క్రైస్తవుల గురించి రాసినప్పుడు ఇదే అడిగాడు, మతం మారిన మనిషి మనసులోంచి కులం పోయిందా అని. మీ మీద జరిగే అన్యాయం మీద మీరెందుకు ఒక ఉద్యమంగా లేవడం లేదని కూడా అడిగాడు. మొదటి ప్రశ్నకి మా దగ్గర జవాబు లేదు. రెండోదానికి ఆ పదకొండు రోజుల గంజి ఒక చిన్న జవాబు. కానీ ఆ రోజుల్లో అవతలి గుడివాళ్లు ఒక్క మానిక బియ్యం పంపలేదు. మావాళ్లు అడగనూ లేదు.

ఇక ఇప్పటి సంగతి. పోయిన సంక్రాంతి తర్వాత ఆడవాళ్లు కొంతమంది మళ్లీ గుప్పెడు మొదలుపెట్టారు. గుడిలో పెట్టనివ్వరు కాబట్టి ఒకరి వరండాలో డబ్బా. మా సంఘం పేరు మీద మేమే సొసైటీ పెట్టుకుని, పాత కాయితం, పాత మినిట్సు పుస్తకాలు పట్టుకుని స్థలం గురించి అడుగుదామని నిర్ణయం. మళ్లీ అదే చోటికొచ్చాం, ఏడు సంతకాలు.

మొదటిది నాది. మా నాన్న మొండివాడు. బాప్తిస్మం దాచనని మా ఇద్దరికీ బీసీ-సి రాయించాడు. దానివల్ల నేనూ మా చెల్లీ ఏమేం పోగొట్టుకున్నామో ఇంకోసారి రాస్తాను. ఈ రోజు మాత్రం నాకు సంతకం పెట్టడానికి భయం లేదు, ఈ వ్యాసం రాయడానికీ భయం లేదు. రెండోది మా చెల్లిది. తర్వాత ఇద్దరు విధవరాళ్లు, పిల్లల్లేరు. ఒకాయన పొగాకు బ్యారన్లో పనిచేసి చేసి ఊపిరి పాడైన మనిషి, "నా దగ్గర ఊడడానికేముందమ్మా" అంటూ వేలిముద్ర వేశాడు. ఆరోది, అప్పుడు దావీదు కథ చెప్పిన ముసలామె మనవరాలు. మొగుడికి ఆటో ఉంది, సర్కారు కాగితంతో పనిలేదు.

ఏడోది దొరకడం లేదు. పెడతానంటున్నది ఒకామె, పెద్దమ్మ అందాం. సమాజం లెక్కలు పందొమ్మిదేళ్లు రాసింది ఆమే. ఆ మినిట్సు పుస్తకాలన్నీ ఆమె ట్రంకు పెట్టెలో ఉండబట్టే మా చేతిలో ఆ మాత్రం ఆధారమైనా ఉంది. ఆమె కొడుక్కి సర్కారు ఉద్యోగం. "ఇన్నేళ్లూ రాసిందాన్ని, రాసినదానికింద పేరు పెట్టుకోకూడదా?" అంటుంది. కొడుకు ఫోనులో, "అమ్మా, ఆ గుడికి నేనే శ్లాబు వేయిస్తా, గేటు చేయిస్తా, ఏం కావాలన్నా ఇస్తా. సంతకం మాత్రం పెట్టొద్దే" అని ఏడుస్తాడు. ఇద్దరూ తప్పని నేననలేను. వద్దు పెద్దమ్మా అని నేనే రెండుసార్లు చెప్పాను. "నువ్వు చెప్పమాకు. నా పేరు నా ఇష్టం" అంది.

రోడ్డవతలి లూథరన్ గుడి నుంచి ఒక కుర్రాడు మొన్న వచ్చాడు. డిగ్రీ చదివి కొరియర్ పని చేసుకుంటున్నాడు. "మీ సంఘంలో వేరే గుడివాళ్లు సభ్యులుగా ఉండొచ్చా అక్కా?" అని అడిగాడు. బైలా మేమే రాసుకుంటాం కాబట్టి ఉండొచ్చని చెప్పాను. వాళ్ల పెద్దల్ని అడిగొస్తానన్నాడు. ఇంకా రాలేదు.

పెద్దమ్మ కొడుకు వచ్చే ఆదివారం ఊరికొస్తున్నాడు. అందరం వరండాలో కూర్చుంటాం, గుప్పెడు బియ్యం కొలిచాక. లా చదువుకున్న తమ్ముళ్లు ఎవరైనా ఆ పూట రాగలిగితే, తల్లి సంతకం కొడుకు సర్టిఫికెట్టుకి ఎంతవరకు చుట్టుకుంటుందో ఆ పిల్లాడికి ఎదురుగా కూర్చుని చెప్పగలిగితే, ఫోను చెయ్యండి. భోజనం మా ఇంట్లోనే.

వచ్చే భాగంలో సమాధుల దొడ్డి సంగతి.